సముద్రపుటొడ్డున ఇసుకనేల కోసం

గోల్ఫ్ దొరల ఆట అని మన శాలిబండలో పెద్దలు నేటికీ అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ శాలిబండ గడియారపు బురుజు నుంచి కారులో పది కిలోమీటర్లు అటూ ఇటూగా వెళితే గోల్కొండ నయాఖిలాలో 18 హోల్స్ గోల్ఫ్ మైదానం ఉంది. మొగలుల దాడి తరువాత అబ్దుల్లా కుతుబ్‌షా కట్టించిన ప్రాకారాల నడుమ, ముల్లా ఖయాలీ మస్జిద్‌కూ 'హథియాన్ కా ఝాడ్' అనే మహావృక్షానికీ చేరువలో ఆ ఆట సాగుతుంది. చారిత్రక కోటలో ఈ మైదానం తగునా అన్న వివాదం ఏనాటినుంచో ఉంది. ఆ ప్రశ్న మమ్మల్నీ వేధిస్తూనే ఉంటుంది. అయినా మా ఇంట్లో ముగ్గురు ఈ ఆటకు అలవాటుపడ్డారు: పెద్దన్నయ్య, మా అబ్బాయి, అమ్మాయి. ఇంగ్లండులో ఉన్న బంధువులు వేసవికి రమ్మని పిలిచినప్పుడు ముగ్గురి నోటా ఒకటే మాట వచ్చింది: 'లింక్స్'.

లింక్స్ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. సముద్రానికీ సాగుభూమికీ నడుమ మిగిలిపోయిన ఇసుకనేల అది. గట్టు, దిబ్బ అనే అర్థమిచ్చే ప్రాచీన ఆంగ్లపదం నుంచి ఆ పేరు వచ్చింది. పంట పండదు, చెట్టు నిలవదు, సన్నని గరిక మాత్రం పెరుగుతుంది. ఎంత వాన కురిసినా ఇసుక నీటిని పీల్చేస్తుంది కనుక నేల గట్టిగా ఉండి బంతి దొర్లుతూ పోతుంది. గాలి ఎటు వీస్తే ఆట అటు మారుతుంది. నయాఖిలాలో బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీద దించుతాము. అక్కడ నేలకు దగ్గరగా కొట్టి, దొర్లనిచ్చి చేర్చాలి. సముద్రం కనిపించినంత మాత్రాన ప్రతి మైదానమూ లింక్స్ కాదు. మన విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ మైదానానికి సముద్రపు గాలి తగులుతుంది, కానీ దానిని ఎవరూ లింక్స్ అనరు.

ఎంపిక మొదలుపెట్టగానే ఖర్చు కళ్ళెదుట నిలిచింది. పేరున్న క్లబ్బులలో వేసవిలో ఒక మనిషి ఒక్కసారి ఆడడానికి రుసుము 250 పౌండ్లు దాటుతుంది. మన లెక్కలో పాతికవేల రూపాయల పైమాటే. ముగ్గురు ఆడితే ఒక పూటకు ఎంతవుతుందో పాఠకులే లెక్కించగలరు. అంత సొమ్ము ఒక ఆట మీద పెట్టడం ఇస్రాఫ్ అవుతుందేమోనని మా వదిన గట్టిగా అడిగింది. వాదించి లాభం లేదు, ఆమె మాటలో న్యాయముంది. అందుకే పెద్ద మైదానం ఒక్కటే, మిగిలినవి చిన్నవి అని నిర్ణయించుకున్నాము.

కెంట్ తీరంలో శాండ్‌విచ్ వద్ద ఉన్న రాయల్ సెయింట్ జార్జెస్‌ను మొదటే పక్కన పెట్టాము. ఓపెన్ టోర్నమెంటు స్కాట్లండు దాటి తొలిసారి ఆడింది అక్కడే, 1894లో. చరిత్ర గొప్పదే. కానీ అది బంధువులకు దూరం. పైగా 2015 దాకా స్త్రీలను సభ్యులుగా చేర్చుకోని చోటు అని విని మా అమ్మాయి ముఖం చిట్లించింది. లంకాషైర్‌లోని రాయల్ లిథమ్ కూడా ప్రసిద్ధమే. అయితే సముద్రానికి కొంత లోపలగా, ఇళ్ళ నడుమ ఉంది. అంత దూరం వెళ్ళి అలలు చూడకుండా రావడం మాకు నచ్చలేదు.

మిగిలినవి లివర్‌పూల్ చుట్టూ ఉన్నవి. హాయ్‌లేక్‌లోని రాయల్ లివర్‌పూల్ క్లబ్ 1869లో గుర్రప్పందాల మైదానం మీద మొదలైంది. సౌత్‌పోర్ట్ పక్కన రాయల్ బిర్క్‌డేల్‌లో దిబ్బలు ఎత్తైనవైనా ఆడే దారి వాటి నడుమ చదునుగా సాగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దన్నయ్యకు రెండూ అనుకూలమే. ఇలాంటి చోట్ల బగ్గీ బండ్లు సులువుగా ఇవ్వరు, నడవవలసిందే. రెండింటికీ లివర్‌పూల్ నుంచి లోకల్ రైలులో గంట లోపే చేరవచ్చు. ఆటగాడి సామర్థ్యం తెలిపే హ్యాండిక్యాప్ పత్రం అడుగుతారు కనుక ఇక్కడినుంచే తీసుకువెళ్ళాలి. ఓపెన్ టోర్నమెంటు జరిగే ఏడు ముందు వారాలలో సందర్శకులకు అనుమతి ఉండదు, అది కూడా చూసుకోవాలి. మేము హాయ్‌లేక్‌ను ఎంచుకున్నాము. దాని దగ్గరలోనే వాలసీ మైదానం ఉంది. నేడు లోకమంతటా వాడే స్టేబుల్‌ఫర్డ్ పాయింట్ల పద్ధతితో 1932లో పోటీ పెట్టింది అక్కడే. ఆ పద్ధతిలో ఒక హోల్ చెడిపోయినా ఆట చెడదు. పెద్దన్నయ్య, మేనకోడలు సమానంగా పోటీపడగలరు.

కుటుంబానికి లివర్‌పూల్ నచ్చడానికి మరో కారణముంది. ఇస్లాం స్వీకరించిన ఆంగ్ల న్యాయవాది అబ్దుల్లా క్విలియమ్ 1889లో బ్రూమ్ టెర్రస్‌లో నెలకొల్పిన మస్జిద్ ఆ నగరంలోనే ఉంది. ఎన్నో దశాబ్దాలు మూతబడి, మరమ్మతుల తరువాత 2014లో మళ్ళీ తెరుచుకుంది. జుమా రోజున ఆట పెట్టుకోకుండా ఆ పూట అక్కడికి వెళ్ళాలని అందరూ ఒప్పుకున్నారు. జూన్ మాసంలో అక్కడ సూర్యుడు రాత్రి దాదాపు 9.45కు అస్తమిస్తాడు. అసర్ తరువాత కూడా చాలాసేపు ఆడవచ్చునన్నమాట! ఇషా మాత్రం బాగా ఆలస్యమవుతుంది, స్థానిక మస్జిద్ సమయపట్టికను అనుసరించాలి. ఆట ముగిశాక క్లబ్బులోని మద్యశాలను అక్కడివారు హాస్యంగా 'పంతొమ్మిదవ హోల్' అంటారు. మా లెక్క 18తోనే సరి.

చివరి రెండు రోజులు డెవన్ తీరానికి. వెస్ట్‌వర్డ్ హో వద్ద 1864లో ఏర్పడిన రాయల్ నార్త్ డెవన్, ఇంగ్లండులో తొలిచోటనే నేటికీ ఆట సాగుతున్న మైదానాలలో అతి పాతది. రుసుము కూడా తక్కువ. ఆ నేల ఊరుమ్మడిది. నార్థమ్ ప్రజల గొర్రెలు, గుర్రాలు మేసే హక్కు ఆటగాళ్ళ హక్కు కంటే పాతది. బంతి కొట్టబోతూ గొర్రె అడ్డువస్తే ఆగవలసింది మనిషే. ఆ ఊళ్ళోనే పుట్టి, అక్కడే సంచులు మోసిన జె.హెచ్. టేలర్ తరువాత ఓపెన్‌ను ఐదుసార్లు గెలిచాడు. ఇప్పుడు సముద్రం ఆ తీరాన్ని ఏటేటా కోసేస్తోంది. కొన్ని టీలు, హోల్స్ వెనక్కి జరపవలసిన స్థితి. పదేళ్ళ తరువాత వెళదామంటే ఈ రూపంలో దొరకదేమోనని, ఖర్చు విషయంలో అందరికంటే గట్టిగా అడ్డుచెప్పిన మా వదినే ఈ రెండు రోజులనూ పట్టికలో చేర్పించింది.