డాబా మీద 78 వేలు

సర్కారు డబ్బులిస్తానంటే ముందు నా జేబు తడిమి చూసుకుంటాను. 2015లో ‘గివ్ ఇట్ అప్’ అన్నప్పుడు గ్యాస్ సబ్సిడీ వదులుకుని నలుగురికీ చెప్పుకున్నాను. 2020 వచ్చేసరికి, వదులుకోని పక్కింటాయన ఖాతాలో కూడా సబ్సిడీ పడటం దాదాపు ఆగిపోయింది. నా త్యాగం విలువ ఐదేళ్ల సిలిండర్లేనన్నమాట.

అందుకే 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చినా చాలా నెలలు కదల్లేదు. 3 కిలోవాట్లు పెడితే 78,000 రూపాయలు వెనక్కి. మొదటి రెండింటికి 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, ఆపైన ఎంత పెట్టినా అంతే. హైదరాబాద్ శివార్లలో మాది రెండంతస్తుల ఇల్లు. పైన మేము, కింద అద్దెకున్నవాళ్లు. ఏసీ, గీజరు కలిసి మాకు నెలకు 380 యూనిట్లు కాలుతాయి.

సోలార్ అతను రెండు కొటేషన్లు తెచ్చాడు. సబ్సిడీ లేకుండా 1,60,000, సబ్సిడీతో అయితే 1,95,000. అదేం లెక్కని అడిగితే, సబ్సిడీ కావాలంటే సెల్స్‌తో సహా మన దేశంలో చేసిన ప్యానెళ్లే పెట్టాలి, వాటి ధర ఎక్కువ అన్నాడు. అంటే 78 వేలలో 35 వేలు నా చేతుల మీదుగా ప్యానెళ్లు చేసేవాళ్లకు పోతోంది, నాకు మిగిలేది 43 వేలే. ఇక్కడ ఫ్యాక్టరీలు రావడం మంచిదే, కాదనను. పోస్టరు మీద మాత్రం ఆ మాట ఉండదు.

అయినా పెట్టించాను. 7 శాతం ఎఫ్‌డీ ఒకటి విరిచి డబ్బు కట్టాను. నెట్ మీటర్ కోసం ఓ నెల తిరిగాను, ఆ కథ ఇప్పుడొద్దు. చేతినుంచి పడింది చివరికి 1,17,000. బిల్లులో నెలకు సగటున 2,300 తగ్గుతోంది. నాలుగేళ్ల మూడు నెలల్లో అసలు వచ్చేస్తుంది. మధ్యలో ఇన్వర్టర్ పోతే లెక్క మారుతుంది, ఆ ఖర్చు ఇంకా వేసుకోలేదు.

ఆ 2,300 ఎందుకంత పెద్దదో తర్వాత అర్థమైంది. మన దగ్గర 300 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయల నుంచి మొదలు. వంద లోపు వాడేవాళ్లకు మొదటి యాభైకి 1.95. పైవాళ్లు ఎక్కువ కడితేనే కిందివాళ్లకు తక్కువ పడుతుంది. సోలార్‌తో నాకు ముందు మిగిలేది ఆ 9 రూపాయల యూనిట్లే. బిల్లు ఎంత పెద్దదైతే సోలార్ అంత గిట్టుబాటు. నాలాంటివాళ్లు ఒక్కొక్కరే జారుకుంటే ఆ లోటు ఎవరి మీద వేస్తారో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

కింద ఉండేది క్యాబ్ నడిపే అతని కుటుంబం. తెల్లకార్డు ఉంది, గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. మే నెలలో కూలర్ వల్ల 212 కాలింది. ఆ పన్నెండు యూనిట్లకు కాదు, మొత్తం 212కీ బిల్లు వచ్చింది. చార్జీలన్నీ కలిపి పన్నెండు వందల పైచిలుకు. ఆయన భార్య ఆ చీటీ పట్టుకుని పైకొచ్చింది. తను ఏటా వడియాలు పెట్టుకునే చోటే ఇప్పుడు ప్యానెళ్లున్నాయి.

“సార్, వీటికెళ్లి మాకు కరెంట్ ఏమన్న వస్తదా?”

మీటర్ వేరమ్మా, రాదన్నాను. సొంత డాబా ఉన్నవాడికే ఆ పథకమని చెప్పడానికి నోరు రాలేదు. ఏటా జూన్‌లో అద్దె ఐదొందలు పెంచేవాణ్ణి. ఈసారి ఆ మాట ఎత్తలేదు. “సోలార్ డబ్బులు మిగిలాయనా, సిగ్గుపడా?” అంది మా ఆవిడ.

ఇప్పుడు నెలాఖరు వారంలో కిందింటావిడ రోజూ మీటర్ దగ్గర నిలబడుతుంది. అంకెలు సరిగా కనబడవని నన్ను చదవమంటుంది. నిన్న సాయంత్రానికి 181. రీడింగ్‌కు ఇంకా నాలుగు రోజులుంది.

“ఫ్రిజ్ బంద్ పెట్టాల్నా సార్?” అని అడిగింది.