లువార్ గట్టు మీద సైకిళ్ళు

నలభై అయిదు దాటిన తెలుగు లెక్చరరు ఫ్రాన్సు వెళ్ళి రోజల్లా సైకిలు తొక్కాడంటే మా ఆవిడే నమ్మలేదు. ఫొటో చూపిస్తే, "పట్టుకుని నుంచున్నారు గాని తొక్కుతున్నట్టు లేదే!" అంది. మీరూ నమ్మకపోతే నేను చెయ్యగలిగింది లేదు.

2024 జూన్‌లో సంగతి. పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా ఇంజనీరు రమ్మని పోరుపెడితే, నేనూ, రాజమండ్రిలో లెక్కలు చెప్పే మిత్రుడూ బయలుదేరాం. డిగ్రీ చదివే రోజుల్లో ముగ్గురిదీ ఒకే అద్దెగది. "కారులో తిరిగితే పల్లెటూళ్ళు కనపడవురా, సైకిళ్ళ మీద పోదాం" అన్నాడు ఇంజనీరు. తెల్లవారుజామున రైలెక్కి బ్లువా అనే వూళ్ళో దిగి, సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. అక్కణ్ణించి షాంబోర్ కోట పదహారు కిలోమీటర్ల పైచిలుకు.

సైకిలుకు అన్ని గేర్లెందుకో నాకు బోధపడలేదు. ఎక్కీ ఎక్కగానే అలవాటు కొద్దీ ఎడమ పక్కకు మళ్ళాను. అక్కడ కుడి పక్కన పోవాలి గదా! ఎదురుగా వచ్చిన వ్యానువాడు బ్రేకు వేసి, రెండు చేతులూ పైకెత్తి ఏదో అన్నాడు. అర్థం కాకపోవటమే మంచిదయింది.

వూరు దాటితే నది గట్టే దారి. లువార్ ఫ్రాన్సులో అన్ని నదులకన్నా పొడుగు, వెయ్యి కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మన గోదావరి పొడుగులో మూడింట రెండు వంతులు. వరదల భయానికి వాళ్ళూ మనలాగే గట్లు కట్టుకున్నారు. ఎండాకాలం గనుక ఇసుకతిన్నెలు బయటపడి, వాటి మధ్య నీళ్ళు పాయలుగా పోతున్నాయి. కాసేపు కళ్ళు చికిలించి చూస్తే ధవళేశ్వరమే అనిపించింది. తెరిస్తే గోధుమ చేలూ, తెల్లరాతి ఇళ్ళూ.

సేన్ డియే అనే చిన్న వూళ్ళో ఆగాం. షాంబోర్ కోటకు రాయి పడవల మీద వచ్చి ఈ రేవులోనే దిగేదిట. మధ్యాహ్నం కొట్లన్నీ మూసేశారు. బ్లువాలో కొన్న పొడుగాటి రొట్టే, మేకపాల జున్నూ విప్పాం. లెక్కలవాడు సంచీలోంచి కందిపొడి సీసా తీశాడు. రొట్టె మీద కందిపొడి బాగానే వుంటుంది.

నాకు మాత్రం ముద్ద దిగలేదు. కారణం లెక్కలవాడి తాళం. ఆగిన ప్రతిచోటా సైకిలుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి చూస్తాడు. "ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి గదురా" అని నవ్వుతాడు.

పోగొట్టింది వాడు కాదు. 1998లో వాడు నిద్రపోయాక, వాళ్ళ నాన్నగారు కొనిచ్చిన సైకిలు మీద నేను రెండో ఆటకు వెళ్ళాను. స్టాండుకు రూపాయి ఇవ్వటం ఇష్టంలేక గోడకు చేర్చి, టిక్కెట్టు తొందరలో తాళంచెవి తాళానికే వదిలేశాను. ఆట విడిచేసరికి సైకిలు లేదు. చప్పుడు కాకుండా వచ్చి పడుకున్నాను. పొద్దున్న వాడు, "రాత్రి తాళం వెయ్యటం మరిచానా?" అన్నాడు. "మరిచావేమోరా" అన్నాను. అంతే. ఆ ఒక్కమాటతో వాడు ఏడాదిపాటు కాలేజీకి నడిచాడు, వాళ్ళ నాన్నగారి చేత తిట్లు తిన్నాడు. ఆయన పోయారు కూడా.

షాంబోర్ కోట కట్టటం 1519లో మొదలుపెట్టించినవాడు మొదటి ఫ్రాన్సువా రాజు. నాలుగు వందల పైచిలుకు గదులు. తన ఏలుబడి మొత్తంలో ఆయన అక్కడ వున్నది రెండు నెలల చిల్లరట! నడిమధ్య ఒక మెట్లదారి వుంది. నిజానికి రెండు దారులు, ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి పోతాయి. ఒకదాంట్లో ఎక్కేవాడికి రెండోదాంట్లో ఎక్కేవాడు ఎదురుపడడు గాని, మధ్యనున్న కిటికీల్లోంచి కనపడతాడు. లియొనార్డో డా వించీ ఆలోచనంటారు. రుజువైతే లేదు.

లెక్కలవాడు అటు ఎక్కాడు, నేను ఇటు. కిటికీలోంచి మొహం పెట్టి చిన్నపిల్లవాడిలా, "ఒరేయ్, కనపడుతున్నానా?" అన్నాడు. ఆ క్షణాన ఏమయిందో, "నీ సైకిలు పోగొట్టింది నేనురా. సినిమాకు తీసుకుపోయాను" అనేశాను. ఎదురెదురుగా నుంచుని అనగలిగేవాణ్ణి కాదేమో.

మొహం కిటికీలోంచి వెళ్ళిపోయింది. పైకి ఎక్కేసరికి వాడు డాబా మీద ఒక మూల నుంచుని అడవివైపు చూస్తున్నాడు. ఆ అడవికీ కోటకూ కలిపి చుట్టూ 32 కిలోమీటర్ల గోడ వుందని ఇంజనీరు ఉత్సాహంగా చెబుతున్నాడు. ఇద్దరం వినలేదు.

తిరుగుదారిలో వాడు మాట్లాడలేదు. ముందు పోయాడు. బ్లువా ఇంకా అయిదారు కిలోమీటర్లుండగా నా వెనక చక్రం గాలి పోయింది. కేక వెయ్యటానికి మొహం చెల్లక దిగి నడిపించుకుంటూ వస్తున్నాను. కాసేపటికి వాడే వెనక్కి వచ్చాడు. సైకిలు తలకిందులు చేసి, ట్యూబు లాగి, చెంప దగ్గర పెట్టుకుని గాలి ఎక్కడ తగులుతున్నదో చూసి, సొల్యూషను రాసి అతుకు వేశాడు. పంపు నా చేతికిచ్చి, "కొట్టు" అన్నాడు. కొట్టాను.

"మా అమ్మకు నువ్వే చెప్పాలి" అన్నాడు. ఆ రోజు వాడు నాతో అన్న చివరిమాట అదే.

తిరిగి వచ్చాక రెండో ఆదివారం రాజమండ్రి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. చెప్పటం అయ్యేదాకా చెయ్యి ఆగలేదు.

"ఆయన వుండగా చెప్పివుంటే బాగుండేది, నాయనా" అన్నారు. తరవాత లేచి, కాఫీ కలపటానికి లోపలికి వెళ్ళారు.