వేడెక్కని ఆంప్లిఫయర్

అబ్బాకు మణుగూరులో మైక్ సెట్ దుకాణం. షాదీకైనా, జాతరకైనా, యూనియన్ మీటింగుకైనా అదే సెట్టు. కరెంటు లేని అడవి గూడేలకు పోతే 12 వోల్టుల బ్యాటరీ వెంట ఉండేది.

ఒక కోయగూడెం పెండ్లిలో అర్ధరాత్రి దాటినంక బ్యాటరీ దిగిపోయింది. పాట ఆగింది. ఎవరూ ఒక్క మాటనలేదు. ఆ ఖామోషీ ముందు అబ్బా తల ఎత్తలేకపోయిండు. కిరాయి తీసుకోకుండా తిరిగొచ్చిండు.

‘బ్యాటరీ ఖరాబైంది బేటా’ అన్నడు. నేను అప్పుడు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న. సెట్టు వేసి, వెనక అల్యూమినియం రెక్కల మీద చెయ్యి పెడితే చుర్రుమంది. దొంగ బ్యాటరీ కాదు, ఇక్కడున్నడు.

హిసాబ్ చేసిన. క్లాస్ ఏలో పాట ఉన్నా లేకున్నా ట్రాన్సిస్టర్ కరెంటు తాగుతనే ఉంటది. ఎంత చేసినా 50 శాతం దాటదు. క్లాస్ బీ మన బాయి షిఫ్టుల తీరు: అలలో పై సగం ఒకరిది, కింది సగం ఇంకొకరిది. షిఫ్టు మారే చోట శబ్దం గరగరమంటది. అందుకే ఆ కాసేపు ఇద్దరినీ డ్యూటీలో ఉంచితే అది క్లాస్ ఏబీ. అబ్బా సెట్టు అదే.

క్లాస్ బీ 78.5 శాతం దాకా ఇస్తదని పుస్తకంలో ఉంటది. అది నిండు గొంతుతో పాడినప్పుడే. 100 వాట్ల సెట్టును 25 వాట్లకు తగ్గిస్తే 39 శాతమే. 64 వాట్లు గుంజి, 39 వాట్లు వేడికే జాయా చేస్తది. ఏబీ ఇంకొంచెం ఎక్కువే తింటది. పాపం అబ్బా, బ్యాటరీ మిగులుతదని ఆ రాత్రంతా సౌండు తగ్గించే ఉంచిండు!

క్లాస్ డీలో ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్, లేకుంటే పూర్తిగా ఆఫ్, సెకనుకు లక్షల సార్లు. ఆన్‌లో ఎంతసేపుందన్నదే పాట. ఆ ముక్కలను కాయిల్, కెపాసిటర్ మళ్ళీ అలగా కలుపుతయి. 90 శాతం దాకా స్పీకర్‌కు చేరతది. అదే 25 వాట్లకు 30 వాట్లు చాలు.

అప్పు చేసి బోర్డు తెచ్చి బిగించిన. అబ్బా చెయ్యి పెట్టి చూసిండు. చల్లగుంది. ‘ఇది మెహనత్ చేస్తలేదు బేటా’ అన్నడు. ఆయన లెక్కలో మెహనత్ అంటే ఒళ్ళు కాలడమే.

ఇప్పుడు మా ఊరి బొగ్గు భద్రాద్రి థర్మల్ స్టేషన్‌లో కాలుతది. 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు. ఆ వేడిలో మూడో వంతుకు కాస్త పైనే కరెంటు అయితది. మనం జాయా చేసే ఒక్కో వాటుకు దాదాపు మూడు వాట్ల బొగ్గు వేడి పోయినట్టే.

మరుసటేడు ఆ గూడెంలోనే ఇంకో పెండ్లి. కిరాయి వద్దని అబ్బానే సెట్టు మోసుకపోయిండు. కోడి కూసినా పాట ఆగలేదు. ఇంటికొచ్చి చాయ్ తాగుతూ, ‘బ్యాటరీ మంచిదే’ అన్నడు.

పాత సెట్టును మాత్రం అమ్మనియ్యలేదు.