శివకాశి: కాగితపు గొట్టం చుట్టే చేతులు

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, మదురైకి నైరుతి దిక్కున సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నది శివకాశి పట్టణం. చెన్నై నుండి సెంగోట్టై వెళ్లే పొదిగై ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుంది. మదరసా విద్యార్థులకు నోటు పుస్తకాలు కొనే పనిమీద నేను అక్కడికి వెళ్లాను. అయితే ఆ ఊరు చేరినవాడు పుస్తకాలను మాత్రమే చూసి తిరిగి రావడం సాధ్యం కాదు.

ఇది వర్షం తక్కువగా కురిసే ప్రాంతం. వ్యవసాయం నమ్ముకొని బ్రతకడం కష్టం. రైతుకు శత్రువైన ఆ పొడిగాలే అగ్గిపెట్టెలకు, బాణసంచాకు మిత్రమయ్యింది. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు బంధువులు కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చి, 1923 ప్రాంతంలో ఇక్కడ పరిశ్రమకు పునాది వేశారు. 1940లో పేలుడు పదార్థాల నియమాలు రూపొందిన తరువాత లైసెన్సులతో బాణసంచా కర్మాగారాలు వెలిశాయి. పెట్టెలపై అంటించే రంగుల లేబుళ్ల కోసం ముద్రణాలయాలు వచ్చాయి. నేడు మన ఇళ్ల గోడలపై వ్రేలాడే క్యాలెండర్లలో అనేకం ఈ ఊరి అచ్చుయంత్రాల నుండి వచ్చినవే.

ఊరి వెలుపల ఒక పల్లెలో, ఇంటి వసారాలో స్త్రీలు కూర్చొని కాగితపు గొట్టాలు చుడుతూ ఉండగా చూశాను. మందు లేదు, నిప్పు లేదు. కాగితం, జిగురు, ఇనుప కడ్డీ మాత్రమే ఉన్నాయి. గొట్టం ఎంత పొడవు ఉండాలో అంత వెడల్పున కాగితపు పట్టీలను కోసి ఉంచారు. పట్టీ మొదటి అంచును కడ్డీకి పొడిగా ఒక చుట్టు చుట్టి, మిగిలిన భాగానికి మైదా జిగురును పలుచగా పూసి, అరచేతితో నొక్కుతూ ముందుకు దొర్లిస్తారు. మొదటి చుట్టుకు జిగురు తగిలితే గొట్టం కడ్డీని విడువదు. జిగురు ఎక్కువైతే కాగితం నాని ముడతలు పడుతుంది. తక్కువైతే పొరల మధ్య గాలి నిలిచి గొట్టం గుల్లబారుతుంది. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపడం పాత పద్ధతి. మన గ్రంథాలకు అట్టలు కట్టే పనివారికీ ఈ కిటుకు తెలుసు.

కాగితానికీ కర్రవలె ఒక వాలు ఉంటుంది. ఆ వాలు గొట్టం పొడవునా ఉంటే చుట్టడం సులభం. చుట్టుకొలత వెంబడి ఉంటే చుట్టడం కష్టం, కాని లోపలి ఒత్తిడికి గొట్టం ఎక్కువ తట్టుకుంటుంది. చుట్టిన వాటిని నీడలో నిదానంగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే పై పొర ముందే బిగిసి, గొట్టం వంకర పోతుంది.

వారిలో ఒక వృద్ధురాలి ఇంటిభాష తెలుగు. దక్షిణ తమిళనాట శతాబ్దాలుగా స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. సమీపంలోని రాజపాళయం రాజులు అందరికీ తెలిసినవారే. ఆ తల్లికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. “ఏమి బాయీ, ఇంతసేపుగా చూస్తా ఉండారు?” అన్నది. ఆ ప్రాంతంలో ముస్లింలను ‘బాయి’ అని పిలవడం వాడుక. “మీ చేతి పని చూస్తున్నానమ్మా,” అన్నాను. “లెక్కకు ఇంతని కూలి. చెయ్యి ఆగితే కూలి ఆగె,” అని ఆమె మళ్లీ కడ్డీని దొర్లించింది.

దైవప్రవక్త దావూద్ (అలైహిస్సలాం) తమ చేతి కష్టంతోనే భుజించేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ వసారాలో నాకు గుర్తుకు వచ్చింది అదే.

ఈ విద్య చరిత్రలో మన పూర్వికులకూ పాత్ర ఉన్నది. సురేకారాన్ని ‘చైనా మంచు’ అనే అర్థంలో ‘థల్జుస్సీన్’ అని 13వ శతాబ్దపు అందలూసియా వృక్షశాస్త్రవేత్త ఇబ్నుల్ బైతార్ పేర్కొన్నారు. అదే శతాబ్దంలో సిరియాకు చెందిన హసన్ అర్రమ్మాహ్ దానిని శుద్ధి చేసే పద్ధతిని గ్రంథస్థం చేశారు. మనం ‘మతాబు’ అనే మాట వెన్నెలను సూచించే ఫారసీ పదం ‘మహ్తాబ్’ నుండి వచ్చినదే.

కాని గొట్టం వసారా దాటిన తరువాత కథ మారుతుంది. దానిలో మందు నింపడం లైసెన్సు పొందిన కర్మాగారంలో, దూరదూరంగా కట్టిన చిన్న గదులలోనే జరగాలి. ఒక గదిలో కొద్దిమందే, కొద్దిపాటి మందుతోనే పనిచేయాలి. ఒక రాపిడి, ఒక నిప్పురవ్వ చాలు. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టి వద్ద ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 30 మందికి పైగా మరణించారు. పేదరికం వల్ల కొందరు దొంగచాటుగా ఇళ్లలోనే మందు నింపుతారు. అప్పుడు ప్రమాదం వంటగది దాకా వస్తుంది. 1986 చట్టం బాలలను ఈ పని నుండి నిషేధించింది. చట్టం చెప్పినంత మాత్రాన ఆకలి ఊరుకోదు కనుక, పిల్లలను బడిలో నిలపడానికి ఆ జిల్లాలో ఎంతో ప్రయత్నం అవసరమయ్యింది.

షాబాన్ నెల సమీపించగానే మన వీధులలో పిల్లలు టపాకాయలకు డబ్బు అడుగుతారు. షబె బరాత్‌నాటి ఆతిష్‌బాజీ వృథా వ్యయమని, ఆరాధనల రాత్రికి అది తగదని ఉలమాలు ఎంతోకాలంగా బోధిస్తున్నారు. ఆ బోధ వినగానే ఒక ప్రశ్న పుడుతుంది: అందరూ కొనడం మానితే ఆ వృద్ధురాలి కూలి ఏమి కావాలి? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయడం న్యాయం కాదు.

నాకు తోచిన జవాబు ఆ ఊరి అంగడిలోనే ఉన్నది. కాగితం కోసి, మడిచి, అతికించే చేతులకు అక్కడ నిప్పుతో సంబంధం లేని పనులూ ఉన్నాయి: నోటు పుస్తకాలు, డైరీలు, అట్టపెట్టెలు, క్యాలెండర్లు. టపాకాయలకు పెట్టే పైకంతో పిల్లవానికి రెండు నోటు పుస్తకాలు కొనిస్తే, ఆ సొమ్ములో కొంత బహుశా శివకాశికే చేరుతుంది. అది పొగ కాదు, బూడిద కాదు; ఏడాది పొడవునా బిడ్డ చేతిలో ఉంటుంది. ఈసారి డబ్బు అడిగిన బిడ్డను కసరుకోకుండా దగ్గర కూర్చోబెట్టుకొని, ఒక టపాకాయ ఎన్ని చేతులు మారి వస్తుందో చెప్పండి. తరువాత పుస్తకాల దుకాణానికి వెంటబెట్టుకొని వెళ్లండి. కష్టజీవుల ఉపాధిలో అల్లాహ్ శుభం కలుగజేయుగాక, వారి ప్రాణాలను కాపాడుగాక. ఆమీన్.