మాల వేసుకున్న మూడో రోజు

కార్తీకమాసం వచ్చిందంటే మా గోదావరి జిల్లాల్లో ఊరూరా నల్లబట్టల స్వాములే. మా మేల్ వార్డుకి మాత్రం ఆ నెలలో ఒక రకం కేసులు తప్పవు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తారు. రెండు మూడు రోజులకి చేతులు వణుకుతూ, చెమటలు కారుతూ ఆస్పత్రికి వస్తారు.

పోయినేడాది కోనసీమ నుంచి ఒకాయన్ని తెచ్చారు. కొబ్బరి దింపు తీస్తారు. మంచం మీద చీమలు పాకుతున్నాయంటూ చేత్తో తుడిచేస్తున్నారు. "ఏదో నియమం తప్పాడమ్మా, స్వామికి కోపం వచ్చింది" అని వాళ్లమ్మ ఒకటే ఏడుపు.

"స్వామీ, రోజుకి ఎంత తాగేవారు?" అని అడిగాను.

"ఏదో, సాయంత్రం కొంచెమండి."

వాళ్లావిడ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. "మూడు క్వార్టర్లండి. పొద్దున్నే కొంచెం పడకపోతే చేతులు వణికేవండి."

ఆ చివరి మాటే మాకు కావాల్సింది. మద్యం మెదడుని జోకొడుతుంది. ఏళ్లపాటు దానికి అలవాటుపడ్డ మెదడు, ఆ జోకొట్టే చెయ్యి ఆగగానే రెచ్చిపోతుంది. 6 నుంచి 8 గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి 2 రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి అయోమయం, లేనివి కనిపించడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇందులో దేవుడి కోపం ఏమీ లేదు.

డాక్టరుగారు లోరాజెపామ్ రాశారు. నీరసంగా ఉన్నాడు, ముందు గ్లూకోజ్ పెట్టండని బంధువులు. బాగా తాగేవాళ్లకి ముందు పడాల్సింది థయామిన్, అంటే బి1 విటమిన్. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మిగతాదంతా కాపలా పనే. గంటగంటకీ బీపీ, నాడి చూడాలి. చీకట్లో నీడలు చూసి బెదిరిపోతారని రాత్రి లైటు ఆర్పలేదు. మంచానికి కట్టేద్దామన్న తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టి అన్న చెయ్యి పట్టుకోమన్నాను. చీమలు లేవని వాదించలేదు. "నాకు కనపడట్లేదు స్వామీ, మీకు భయంగా ఉందని తెలుసు. ఇది ఆస్పత్రి, ఇవాళ సోమవారం, నేను సిస్టర్ని" అని ఎన్నిసార్లు చెప్పానో!

రెండు రోజులకి కుదుటపడి, మెడలో మాల తడుముకున్నారు. "సిస్టరుగారూ, మత్తింజక్షను చేశారంట. దీక్ష పోయినట్టేనాండి?"

"తాగుడు మానడానికి వేసిన మందండి అది. మీరు తాగలేదు కదా స్వామీ" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

మీ ఇంట్లో నాన్నో బాబాయో పొద్దున్నే తాగనిదే చెయ్యి నిలవని మనిషైతే, గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే, మాల వేసుకునే ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇలాంటివాళ్లు మానెయ్యాల్సిందే, కాకపోతే వైద్యుల కనుసన్నల్లో మానాలి. వ్యసనం గురించి అడగడానికి 14446, మనసు బాగోకపోతే మాట్లాడటానికి 14416 ఉన్నాయి. రెండూ ఉచితమే. 41 రోజులు నిలబడ్డవాళ్లకి 42వ రోజునా తోడు కావాలి. మాల తీసే రోజుకి ముందే మళ్లీ డాక్టరుకి చూపించే తేదీ రాసిపెట్టుకోండి.