పోపుల డబ్బాలో డ్రమ్ములు

మా పోపుల డబ్బా కనిపించటం లేదని రెండు రోజులు పనమ్మాయిని అనుమానించానండీ. కళ్ళు పోతాయి! తీరా చూస్తే అది మావాడి మంచం కింద ఉంది, మూతకి అరడజను కన్నాలతో.

మావాడికి డ్రమ్ములంటే ప్రాణం. కొనాలంటే వేలు, కొన్నా కింద వాటావాళ్ళు ఊరుకోరు. అందుకని చెక్క బిళ్ళల మీద రబ్బరు షీటు అంటించి, అడుగున పియెజో బిళ్ళలు పెట్టాడు. దెబ్బ పడితే ఆ బిళ్ళలో కాస్త కరెంటు పుడుతుంది. దాన్నిబట్టి ఒక చిన్న బోర్డు, మెమరీ కార్డులో దాచిన డ్రమ్ము చప్పుడుని హెడ్‌ఫోన్‌లో పలికిస్తుంది. మాకు వినిపించేది ఉత్త టకటకలే. ఆ బోర్డుకి ఇల్లు మా పోపుల డబ్బా అన్నమాట! బోర్డు అడుగు స్టీలుకి తగిలితే షార్టవుతుందని పాత కుక్కరు గాస్కెట్టు ముక్కలు కూడా వేశాడు.

ఇక కరెంటు సంగతి. 9 వోల్టుల చిన్న బ్యాటరీ పెడితే కొద్ది గంటలకే అయిపోయేది. బోర్డుకి కావలసింది 5 వోల్టులే, మిగతాది వేడిగా పోతుందిట. పవర్ బ్యాంకు పెడితే, ఇది తాగే కరెంటు మరీ తక్కువ కదా, ఫోను నిండిపోయిందనుకుని దానంతటదే ఆగిపోయేది. చివరికి ఫుట్‌పాత్ మీద కొన్న ఛార్జరు తగిలించాడు.

ఆ సాయంత్రం తడిచేత్తో డబ్బా జరపబోతే వేళ్ళు జిల్లుమన్నాయి. టెస్టరు పెడితే వెలిగింది. "కొంచెం లీకేజీ మామూలేనమ్మా" అన్నాడు వాడు. మా చిన్నాన్న ఇనుప కూలరు ముట్టుకుని పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆయన కాళ్ళ దగ్గర నీళ్ళు ఇప్పటికీ నా కళ్ళల్లోనే ఉన్నాయి. ఛార్జరు పీకి చెత్తబుట్టలో పడేశాను. మూడు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. మావారు ఎప్పటిలాగే పేపరు చదువుకున్నారు!

నాలుగో రోజు నేనే అడిగాను, "స్టీలే ఎందుకురా?" అని. లోహం చుట్టూ ఉండి బోర్డు గ్రౌండుకి కలిస్తే గుయ్‌మనే రొద రాదుట. నేనూ ఇంటర్లో ఎంపీసీ చదివినదాన్నే కదండీ! గట్టి ప్లాస్టిక్ డబ్బా తీసి, లోపల చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిలు అంటించి, బోర్డుకి తగలకుండా దానిపైన అట్ట పరిచాం. ఫాయిలుని ఒక తీగతో గ్రౌండుకి కలిపాడు. లోహం ఉంది, కానీ చేతికి తగలదు. బి.ఐ.ఎస్. గుర్తున్న ఛార్జరుకి డబ్బులు నేనే ఇచ్చాను. తడిచేత్తో ముట్టుకోనని ఒట్టు కూడా వేయించుకున్నాను.

పనమ్మాయికి సంగతంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. నవ్వేసింది. కన్నాల డబ్బాలో ఇప్పుడు వెల్లుల్లి పోసుకుంటున్నాను. గాలి ఆడి మొలకెత్తకుండా ఉంటున్నాయి.