మాసూమ్‌కు పరీక్ష ఎందుకు?

తెలివి నెమ్మదిగా ఎదిగిన బిడ్డను మన ఇళ్లలో 'మాసూమ్' అంటాం. అందులో ముహబ్బత్ ఉంది. కానీ 40 ఏళ్లొచ్చినా అదే మాట అంటూ, ఆమెదీ ఆడమనిషి ఒళ్లేనని, దానికీ బీమారీలొస్తాయని మర్చిపోతాం.

మా ఖాలా నార్సింగి పాత ఊళ్లో ఉంటుంది. ఇంటి వెనకే ఐటీ వాళ్లుండే టవర్లు. కంపెనీ చెకప్‌లు వాళ్లకు మామూలే. ఖాలా బిడ్డకు 38 ఏళ్లు. లెక్కలు రావు, దారి గుర్తుండదు. రొట్టెలు మాత్రం గుండ్రంగా చేస్తుంది. 30 దాటినవాళ్లు కేన్సర్ పరీక్షకు రావాలని ఆశా వర్కర్ చెప్తే, ఖాలా గుమ్మంలోనే జవాబిచ్చింది: "దీనికి షాదీ కాలేదమ్మా."

2016 నుంచి సర్కారు చెప్తున్న పరీక్షలు మూడు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. మూడోదాని గురించి డాక్టరమ్మతో మాట్లాడాలి, సరే. నోటికీ రొమ్ముకూ షాదీతో ఏం పని? నోట్లో టార్చి వేసి చూస్తారు. రొమ్మును నర్సు చేత్తో తడిమి చూస్తుంది. మెషీన్ లేదు, సూది లేదు. గడ్డ ఉన్నా నోరు తెరిచి చెప్పలేని మనిషికే ఇంకొకరు చూడాల్సిన జరూరత్ ఎక్కువ.

"మరి మీరు చేయించుకున్నారా, ఖాలా?" అన్నాను.

కొంగు మడుస్తూ కూర్చుంది. "మేరేకు కుఛ్ నిక్లా తో ఇస్కు కౌన్ దేఖ్తే?"

తనకేమైనా తేలితే బిడ్డను చూసేదెవరు? అసలు ఖౌఫ్ ఇది. కానీ చూడనంత మాత్రాన బీమారీ ఆగదు. తొందరగా దొరికితే ఇలాజ్ తేలిక, బచాయించే ఉమ్మీద్ ఎక్కువ. ఆలస్యమైతేనే ఖాలా భయం నిజమయ్యేది. గడ్డ తేలితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఉంది. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీదున్న సర్కారీ కేన్సర్ దవాఖానా.

"దానికేం సమఝ్ అవుతుంది" అంది ఖాలా. బిడ్డ పక్కన కూర్చుని నా ముంజేతిని వేళ్లతో నొక్కి చూపించాను. "ఇట్ల చూస్తారు. ఆడవాళ్లే. వద్దనిపిస్తే చెయ్యెత్తు, ఆపేస్తారు."

తన చెయ్యి చాపి, నొక్కమంది. "దుఖ్తా?"

"నై."

"అమ్మీ భీ కరాతీ?"

ఖాలా వెంటనే జవాబివ్వలేదు. తర్వాతి వారం ఇద్దరూ వెళ్లారు. ముందు అమ్మీ.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, ముందొకసారి ఊరికే తీసుకెళ్లి ఆ గది చూపించండి. జనం తక్కువుండే వేళ అడగండి. వికలాంగులను ముందుగా చూడాలని 2016 చట్టం చెప్తోంది, ఆ మాట కౌంటర్ దగ్గర అనడానికి షరమ్ వద్దు. ఆమె ఇజాజత్ ఆమెనే అడగండి. ఆమెను చూసుకునే అమ్మీకో ఆపాకో అదే రోజు పరీక్ష చేయించండి.